కోళ్ల గూడు తలుపుకి 12 వోల్టుల యాక్చుయేటర్: వైరింగులో నేను చేసిన తప్పు, ఇప్పుడు చేస్తున్న పద్ధతి

పోయిన వీడియోలో మా నాటుకోళ్ల గూడు తలుపు సాయంత్రం దానంతటదే మూసుకోవడం చూసి చాలామంది ఫోన్ చేశారు. "ఆ కడ్డీ లాంటి మోటారు ఎక్కడ దొరుకుతుంది, ఎంత పడుతుంది" అనే ఎక్కువ మంది అడిగారు. "వైరింగు ఎట్లా చేశారు" అని అడిగినవాళ్లు ఇద్దరే. మొదట్లో నేను చేసిన తప్పు కూడా అదే, మోటారు మీద పెట్టిన ధ్యాస వైరు మీద పెట్టలేదు. ఈసారి వీడియోలో గూడు దగ్గరే నిలబడి ప్రతి కనెక్షనూ విప్పి చూపించాను. వీడియోలో చేతులు కనబడతాయి గానీ లెక్కలు కనబడవు, అందుకని అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఎలక్ట్రీషియన్‌ని కాదు. అగ్రికల్చర్ డిప్లొమా చదివాను, కరెంటు గురించి నాకు వచ్చిందంతా బోరు స్టార్టరు డబ్బా దగ్గర నేర్చుకున్నదే. ఇక్కడ రాసేదంతా 12 వోల్టుల బ్యాటరీ పని. ఇంటి కరెంటు జోలికి దీంట్లో పోవట్లేదు, మీరూ పోవద్దు.

ఈ తలుపు ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే

మాది నల్గొండ జిల్లా, బత్తాయి తోట. కోళ్లు పగలంతా చెట్ల కింద తిరిగి పురుగులు ఏరుకుంటాయి, పాదుల్లో గీకుతాయి, పెంట వేస్తాయి. పొద్దుగూకగానే వాటంతటవే గూట్లోకి పోతాయి. అవి పోయాక తలుపు మూయడమొక్కటే మనిషి పని. ఆ పని మా అత్తమ్మది. ఆమెకి మోకాళ్ల నొప్పులు, వానాకాలం చీకట్లో తోట గట్టు మీద నడవడం కష్టం. ఒకరోజు అందరం పెళ్లికి పోయి రాత్రి పదింటికి వచ్చాం. అప్పటికే అడవి పిల్లి గూట్లో దూరి తొమ్మిది కోళ్లని చంపింది. తిన్నది రెండే, మిగతావి కొరికి పడేసింది. అన్నీ గుడ్ల మీదున్న పెట్టలు. ఆ వారంలోనే యాక్చుయేటర్ తెప్పించాను.

యాక్చుయేటర్ అంటే పెద్ద వింత వస్తువేం కాదు. ఒక చిన్న డీసీ మోటారు, దానికి పళ్ల చక్రాలు, ఆ చక్రాలు తిప్పే ఒక మరచుట్ల కడ్డీ. మోటారు తిరిగితే కడ్డీ మీది నట్టు ముందుకో వెనక్కో జరుగుతుంది, నట్టుతో పాటు బయటి రాడ్డు జరుగుతుంది. ఎంత దూరం జరుగుతుందో దాన్ని స్ట్రోక్ అంటారు. మాది 300 మిల్లీమీటర్ల స్ట్రోక్, అంటే దాదాపు ఒక అడుగు. సెకనుకి 10 మిల్లీమీటర్లు జరుగుతుంది, కాబట్టి ఒక వైపు మొత్తం పోవడానికి అర నిమిషం పడుతుంది. రాడ్డు మొత్తం లోపలికి పోయినప్పుడు కూడా దాని పొడవు 16 అంగుళాల దాకా ఉంటుంది. గూడు పైన అంత జాగా ఉందో లేదో కొనకముందే కొలుచుకోండి. నేను కొలవలేదు, రేకు లేపాల్సి వచ్చింది.

దీనికి రెండే వైర్లుంటాయి. ఒక వైరుకి పాజిటివ్, ఇంకోదానికి నెగెటివ్ ఇస్తే రాడ్డు బయటికొస్తుంది. రెండూ మార్చి ఇస్తే లోపలికి పోతుంది. బోరు మోటారు ఉల్టా తిరిగితే మనం మూడు ఫేజుల్లో రెండు వైర్లు మార్చి కడతాం కదా, ఆలోచన అదే. కాకపోతే ఇక్కడ రోజూ రెండుసార్లు మార్చాలి, అది కూడా చేత్తో కాదు.

మొదటిసారి ఏం జరిగింది

మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ పాతది ఒకటి పడి ఉంటే దాని 12 వోల్టుల బ్యాటరీ తీశాను. ఇంట్లో పాత స్పీకరు వైరు ఉంది, సన్నది, పది మీటర్లు. బ్యాటరీ క్లిప్పుల నుంచి స్విచ్చుకి, స్విచ్చు నుంచి మోటారుకి. ఫ్యూజు లేదు. "12 వోల్టులే కదా, ముట్టుకుంటే షాక్ కూడా కొట్టదు" అనుకున్నా. యాక్చుయేటర్ అమ్మిన దుకాణం అతను కూడా అదే అన్నాడు, "అక్కా, బొమ్మల మోటారు లాంటిదే, భయం లేదు" అని.

రెండు వైర్లనీ గూడు రేకులో చేసిన ఒకే రంధ్రం నుంచి లోపలికి తీశాను. రేకు అంచు కత్తిలా ఉంటుంది. తలుపు లేచినప్పుడల్లా, దిగినప్పుడల్లా వైరు కొంచెం కదిలేది. మూడో వారంలో అనుకుంటా, ఒక సాయంత్రం రెండు వైర్ల పైతొడుగూ కోసుకుపోయి, లోపలి రాగి రెండూ రేకుని తాకాయి.

అత్తమ్మ వంటింట్లో నుంచి పిలిచింది. "ఏదో కాల్తున్న వాసనొస్తుంది, పొయ్యి కట్టేసినవా బిడ్డా?" పొయ్యి కట్టేసే ఉంది. బయటికొచ్చి చూస్తే గూడు వైపు నుంచి పొగ. పరుగెత్తి బ్యాటరీ క్లిప్పు పీకాను, క్లిప్పు కాలి వేళ్లు రెండూ బొబ్బలెక్కాయి. పది మీటర్ల వైరు పొడవునా తొడుగు కరిగి కారిపోయింది. గూట్లో కింద పరిచింది వరి పొట్టు, పూర్తిగా ఎండినది. వైరు వేలాడిన చోట చాటంత మేర నల్లగా మాడింది, ఇంకొంచెం ఆలస్యమైతే అంటుకునేదే. లోపల ఇరవై మూడు కోళ్లున్నాయి, తలుపు మూసి ఉంది. ఆ తలుపు మూసింది నేను పెట్టిన మోటారే. అడవి పిల్లి తొమ్మిదింటిని చంపితే నేను ఇరవై మూడింటిని కాల్చబోయాను అన్నది ఆ రాత్రంతా నా బుర్రలో తిరిగింది.

12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవన్నది నిజమే. కానీ షాక్ వేరు, నిప్పు వేరు. చిన్న 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ రెండు కొసలూ నేరుగా కలిస్తే వంద ఆంప్స్ పైనే వదులుతుంది. ట్రాక్టర్ బ్యాటరీ అయితే అనేక వందలు. అంత కరెంటు సన్నటి వైరులో పోతే ఆ వైరు హీటరు కాయిలే. ఇంటి కరెంటులో అయితే కనీసం బోర్డు దగ్గర ఎంసీబీ పడిపోతుంది. బ్యాటరీకి మనం పెడితే తప్ప అడ్డు ఏదీ లేదు.

ఫ్యూజు ఎక్కడ, ఎంత

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఉండాలి. జానెడు దూరంలోపు. మోటారు దగ్గరో, స్విచ్చు డబ్బాలోనో పెడితే పని జరగదు. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరు షార్టయితే ఆ కరెంటు ఫ్యూజు గుండా పోదు, ఫ్యూజుకి తెలియను కూడా తెలియదు. నా వైరు తెగింది గూడు గోడ దగ్గర, మధ్య దారిలో. మోటారు దగ్గర ఫ్యూజు పెట్టి ఉన్నా ఆ రోజు అంతే కాలేది.

కార్లలో వాడే రెక్కల ఫ్యూజులు ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో ఎక్కడైనా దొరుకుతాయి. రంగుని బట్టి గుర్తుపట్టొచ్చు: గోధుమ ఛాయలో లేతగా ఉండేది 5 ఆంప్స్, ముదురు గోధుమ రంగు 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20. హోల్డరు కూడా వైరుతో సహా వస్తుంది, మూత ఉన్నది తీసుకోండి. మా యాక్చుయేటర్ మీద పూర్తి బరువుకి 3 ఆంప్స్ అని రాసి ఉంది. మోటారు కదిలే క్షణంలో అంతకన్నా కొంచెం ఎక్కువ లాగుతుంది కాబట్టి 5 ఆంప్స్ ఫ్యూజు వేశాను, ఇప్పటిదాకా ఊరికే పోయింది లేదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ. ఫ్యూజు ఉంటే మోటారు కూడా కాలదు అనుకుంటారు. ఫ్యూజు కాపాడేది వైరుని. 5 ఆంప్స్ ఫ్యూజులో 5 దాటగానే ఠక్కున తెగిపోతుందని కాదు. ఈ రకం ఫ్యూజులు రెట్టింపు కరెంటుకి 5 సెకన్లలోపు తెగుతాయి. అదే 35 శాతం మాత్రమే ఎక్కువ పోతుంటే పది నిమిషాల దాకా కూడా ఓర్చుకోవచ్చు. తలుపు ఇరుక్కుని మోటారు తిరగలేక ఆరేడు ఆంప్స్ లాగుతూ ఉంటే, ఫ్యూజు తెగేలోపే మోటారు చుట్టలు మాడిపోవచ్చు. దానికి మందు వేరే ఉంది, టైమర్ దగ్గర చెప్తాను.

ఇంకొకటి. మన దగ్గర స్టార్టరు డబ్బాలో ఫ్యూజు పోతే రెండు పోగుల తీగ మెలిపెట్టి కట్టేసే అలవాటు అందరికీ ఉంది, మా ఆయనకి మరీ. ఇక్కడ అది చేస్తే ఫ్యూజు లేనట్టే. అందుకే హోల్డరుకే రెండు స్పేర్ ఫ్యూజులు టేపు వేసి అంటించి పెట్టాను. చేతికి దొరికితే తీగ వెతకరు.

వైరు మందం

సన్నటి వైరుతో నిప్పు ఒక్కటే సమస్య కాదు, దారిలో వోల్టేజీ కూడా పోతుంది. బ్యాటరీ నుంచి గూటికి పది మీటర్లు అనుకోండి. కరెంటు పోవాలి, తిరిగి రావాలి, కాబట్టి లెక్కకి ఇరవై మీటర్లు. 3 ఆంప్స్ పోతుంటే అర స్క్వేర్ ఎంఎం వైరులో 2 వోల్టులకి పైగా దారిలోనే పోతాయి. 12లో 2 అంటే తక్కువేం కాదు, మోటారు నీరసంగా లాగుతుంది. ఒకటిన్నర వైరులో ముప్పావు వోల్టు, రెండున్నర వైరులో అర వోల్టు లోపే. నేను ఒకటిన్నర వేశాను. పదిహేను మీటర్లు దాటితే రెండున్నర వేయండి, లేదంటే బ్యాటరీనే గూటి దగ్గరికి తీసుకెళ్లండి, అదే చవక.

అసలు రాగిదే కొనండి. లోపల అల్యూమినియం పెట్టి పైన రాగి పూత పూసిన వైర్లు అమ్ముతున్నారు. కొస గీకి చూస్తే తెల్లగా కనబడుతుంది. బిగించిన చోట అది వదులై వేడెక్కుతుంది. ఇంటి గోడల్లో వేసే ఒంటి కడ్డీ వైరు కూడా వద్దు, కదిలే చోట కొన్నాళ్లకి లోపలే విరుగుతుంది. పోగుల వైరు వాడాలి.

జాయింట్ల సంగతి కోళ్ల గూట్లో ఇంకా ముఖ్యం. పెంట నుంచి అమ్మోనియా వస్తుంది, అది రాగిని తినేస్తుంది. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఆరు నెలలకి విప్పి చూస్తే పచ్చగా చిలుం పట్టి ఉంది. ఆ చిలుమే వేడికి మూలం. ఇప్పుడు అన్ని కొసలకీ రాగి లగ్గులు క్రింపింగ్ చేసి పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. గూడు లోపల ఒక్క జాయింటు కూడా లేదు, అన్నీ బయట చూరు కింద ప్లాస్టిక్ డబ్బాలో. వైరు మొత్తం పీవీసీ పైపులో పోతుంది, ఎలుకల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రేకు రంధ్రానికి రబ్బరు గ్రామెట్ వేశాను, పదిరూపాయల వస్తువు. డబ్బాలోకి వైరు పైనుంచి దించకుండా, కిందికి వంపు తిప్పి అడుగు నుంచి ఎక్కించండి. వాన నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి.

ముందు చేత్తో స్విచ్చు, తర్వాత టైమర్

మొదట్లోనే టైమర్ పెట్టకండి. ఒక నెల చేతి స్విచ్చుతో నడపండి, తలుపు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుస్తుంది. ఆరు కాళ్ల స్విచ్చు కావాలి, మధ్యలో ఆఫ్ ఉండి, పైకీ కిందికీ నొక్కి పట్టుకుంటేనే ఆన్ అయ్యేది. వేలు తీస్తే ఆగిపోవాలి. కాళ్లు మూడు వరుసలు, వరుసకి రెండు. మధ్య వరుసకి యాక్చుయేటర్ వైర్లు రెండూ. పై వరుసకి బ్యాటరీ పాజిటివ్ ఎడమ, నెగెటివ్ కుడి. పై ఎడమ నుంచి కింది కుడికి ఒక ముక్క వైరు, పై కుడి నుంచి కింది ఎడమకి ఇంకో ముక్క. అంతే, కత్తెర గుర్తులా ఉంటుంది. ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి దాటే చోట తొడుగు బాగుండాలి. అక్కడ తాకితే నేరుగా షార్టే.

స్విచ్చు మీద డీసీ ఎన్ని ఆంప్స్ అని రాసి ఉందో చూడండి. "250 వోల్ట్ ఏసీ, 6 ఆంప్స్" అని మాత్రమే ఉంటే దాన్ని డీసీ మోటారుకి అదే లెక్కన నమ్మకూడదు. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నా దగ్గరికి వచ్చిపోతుంది, స్విచ్చు విడిపోయినప్పుడు లేచిన నిప్పురవ్వ అక్కడే చస్తుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ ఎక్కువసేపు నిలబడి కాంటాక్టుల్ని తింటుంది.

టైమర్‌కి వచ్చేసరికి రెండు కారు రిలేలు వాడాను, ఐదు కాళ్లవి. కాళ్ల మీద నంబర్లు ఉంటాయి. రెండు రిలేల 30 నంబరు కాళ్లు యాక్చుయేటర్ రెండు వైర్లకి, చెరొకటి. రెండింటి 87 కాళ్లూ కలిపి ఫ్యూజు దాటిన పాజిటివ్‌కి. రెండింటి 87ఎ కాళ్లూ కలిపి నెగెటివ్‌కి. 85, 86 కాయిల్‌వి, వాటిని టైమర్ నడుపుతుంది. ఊరికే ఉన్నప్పుడు మోటారు రెండు వైర్లూ నెగెటివ్ మీదే ఉంటాయి, కదలదు. మొదటి రిలే పడితే ఒక వైపు, రెండోది పడితే ఇంకో వైపు. పొరపాటున రెండూ ఒకేసారి పడ్డాయనుకోండి, రెండు వైర్లూ పాజిటివ్ మీదికి పోతాయి, మోటారు కదలదు, షార్ట్ కూడా అవదు. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఇదే. నాలుగు రిలేలతో చేసిన బొమ్మలు కూడా దొరుకుతాయి గానీ వాటిలో తప్పు జత ఒకేసారి పడితే బ్యాటరీ రెండు కొసలూ కలిసిపోతాయి. కాయిల్ మీద ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు. లేకపోతే కాయిల్ ఆగినప్పుడల్లా వచ్చే ఎదురు వోల్టేజీ టైమర్‌ని దెబ్బతీస్తుంది.

ఇప్పుడు ఇందాకటి మాట. రెండు టైమర్లు పెట్టాను, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. ఒక్కోటీ ఆన్ అయిన నిమిషానికి ఆఫ్. తలుపుకి అర నిమిషం చాలు, కాబట్టి నిమిషం సరిపోతుంది. మామూలుగా అయితే యాక్చుయేటర్ లోపలే రెండు కొసల్లోనూ లిమిట్ స్విచ్చులుంటాయి, రాడ్డు చివరికి పోగానే అవే కరెంటు తెంపేస్తాయి. వాటి పక్కన డయోడ్ ఉంటుంది కాబట్టి ఉల్టా కరెంటు ఇచ్చినప్పుడు మళ్లీ కదులుతుంది. కానీ తలుపు మధ్యలో ఇరుక్కుంటే రాడ్డు చివరికి పోదు, లిమిట్ స్విచ్చు తెగదు. ఒకసారి మా ప్లైవుడ్ తలుపు వానకి ఉబ్బి సగంలో ఆగిపోయింది. టైమర్ నిమిషానికి ఆపేసింది కాబట్టి మోటారు గోరువెచ్చగా ఉంది, అంతే. ఒకే రిలేతో పగలంతా కరెంటు ఇచ్చి, లిమిట్ స్విచ్చు మీదే భారం వేసే పద్ధతిలో అయితే అది సాయంత్రం దాకా అట్లాగే మూలుగుతూ మాడేది. తర్వాత ప్లైవుడ్ తీసేసి అల్యూమినియం రేకు తలుపు పెట్టాను.

సరిచూసుకునేటప్పుడు నిమిషానికి పదిసార్లు పైకీ కిందికీ ఆడించకండి. ఈ మోటార్లు ఆగకుండా నడవడానికి చేసినవి కావు. పది శాతం డ్యూటీ అని రాసి ఉంటే రెండు నిమిషాలు నడిపి పద్దెనిమిది నిమిషాలు ఆగాలని అర్థం.

మోటారు బలం కోడి మెడ మీద పడకూడదు

ఇది వైరింగు కాదు గానీ చెప్పకుండా వదలలేను. ఈ చిన్న యాక్చుయేటర్ 1000 న్యూటన్లు అంటే దాదాపు వంద కిలోల బరువుని తోస్తుంది. తలుపుని నేరుగా రాడ్డుకి బిగిస్తే, మధ్యలో కోడి తల పెట్టినా, పిల్లలు చెయ్యి పెట్టినా అది ఆగదు. అందుకని మోటారుని పైన చూరు కింద, రాడ్డు కిందికి ఉండేట్టు వేలాడదీసి, రాడ్డుకీ తలుపుకీ మధ్య సన్నటి గొలుసు కట్టాను. లేపేటప్పుడు గొలుసు లాగుతుంది. దించేటప్పుడు తలుపు తన బరువుతోనే దిగుతుంది, మాది రెండు కిలోలు. ఏదైనా అడ్డం ఉంటే గొలుసు వదులవుతుంది, అంతకుమించి నొక్కదు. మరి పిల్లి గోళ్లు పెట్టి తలుపు లేపదా అంటే, తలుపు అడుగు రెండంగుళాల లోతు గాడిలోకి దిగేట్టు చేశాను. అంచు దొరకదు. ఆ గాడిలో పొట్టు నిండకుండా వారానికోసారి ఊడవాలి.

బ్యాటరీ, సోలార్

నేను ఊహించని లెక్క ఇది. తలుపు రోజుకి రెండుసార్లు, అర నిమిషం చొప్పున, 2 ఆంప్స్ వేసుకున్నా రోజంతటికీ 0.033 ఏహెచ్. అసలు లెక్కలోకే రాదు. కానీ టైమర్లు? మల్టీమీటర్ పెట్టి చూస్తే ఒక్కోటీ 40 మిల్లీఆంప్స్. రెండూ కలిపి 24 గంటలకి 1.9 ఏహెచ్. మోటారు కన్నా యాభై రెట్లకి పైనే. ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే 7 ఏహెచ్ బ్యాటరీ అడుగంటుతుంది. ఈ రకం బ్యాటరీలు సగం కన్నా కిందికి పదేపదే పోతే తొందరగా చచ్చిపోతాయి. అందుకే 12 ఏహెచ్ బ్యాటరీ, 20 వాట్ల ప్యానెల్ పెట్టాను. మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. దానికి ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. మోటారు లైను కంట్రోలర్ నుంచి కాకుండా బ్యాటరీ నుంచే, ఫ్యూజు గుండా తీసుకోండి. చిన్న కంట్రోలర్లు మోటారు మొదటి గుంజుడికి ఆఫ్ అయిపోతుంటాయి.

బ్యాటరీని గాలి ఆడని డబ్బాలో మూసి పెట్టొద్దు. లెడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, ఒక రవ్వ చాలు. డబ్బాకి పైన రంధ్రాలుండాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు

చేతి గాజులు, ఉంగరం తీసేయండి. నవ్వుకోకండి, లోహపు గాజు రెండు టెర్మినళ్లనీ తాకితే గాజు ఎర్రగా కాలుతుంది, చేతి మీదే. స్పానరు పిడికి టేపు చుట్టండి.

తర్వాత ఫ్యూజు హోల్డరులో ఫ్యూజు బదులు బండి ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, రెండు వైర్లతో కలపండి. వైరింగులో ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కానీ 2 ఆంప్స్ కూడా దాటవు, ఏదీ కాలదు. షార్ట్ లేకపోతే స్విచ్చు నొక్కనంత వరకు బల్బు వెలగదు, నొక్కితే మోటారు నెమ్మదిగా కదులుతూ బల్బు మసకగా వెలుగుతుంది. అప్పుడు బల్బు తీసి ఫ్యూజు పెట్టండి. ఈ ఉపాయం మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ చెప్పాడు. నా మొదటి వైరింగు కూడా ఇట్లా చూసి ఉంటే ఆ రోజు పాసయ్యేదే, వైరు అప్పటికి తెగలేదు కదా. కాబట్టి నెలకోసారి రంధ్రాల దగ్గర, వంపుల దగ్గర వైరుని వేలితో తడిమి చూస్తున్నాను. మోటారు నడిచాక ఫ్యూజు హోల్డరుని ముట్టుకుంటాను. వేడి తగిలితే అక్కడ లగ్గు వదులైనట్టే.

మల్టీమీటర్‌తో ఆంప్స్ చూశాక ఎర్ర వైరుని మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మర్చిపోయి బ్యాటరీ వోల్టేజీ చూడబోతే మీటరే షార్ట్ అవుతుంది. నా మీటరులో ఇప్పుడు రెండో ఫ్యూజు నడుస్తోంది, ఎందుకో అర్థమై ఉంటుంది.

తలుపు కింద చెయ్యి పెట్టే పని ఏదున్నా, ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. టైమర్‌కి మీరు అక్కడున్నారని తెలియదు.

టైము సంగతి

మా వైపు నవంబరు చివర్లో పొద్దు 5:40 ప్రాంతంలోనే గూకుతుంది, జూలైలో 6:50 దాటుతుంది. గంటకి పైగా తేడా. టైమర్‌ని నెలకోసారి మార్చుకోవాలి. నేను సూర్యాస్తమయం తర్వాత అరగంటకి పెడుతున్నాను. వెలుతురు సెన్సరు పెట్టొచ్చు కదా అని ఒకరడిగారు. పెట్టి చూశాను, ఆగస్టులో మబ్బు కమ్మినప్పుడు నాలుగింటికే తలుపు దిగిపోయింది, కోళ్లన్నీ బయట వానలో నిలబడ్డాయి. తీసేశాను.

ఒక నల్ల పెట్ట ఉంది, అది మాత్రం టైమర్ మాట వినదు. తలుపు పడ్డాక గానీ బత్తాయి చెట్టు దిగదు. దాని కోసం అత్తమ్మ ఇప్పటికీ ఏడింటికి టార్చి పట్టుకుని గట్టు దాకా పోతూనే ఉంది. వీడియో చివర్లో కనబడేది అదే.